ఐటీఐ ఉంటే చాలదా, వైర్‌మ్యాన్ పర్మిట్ కూడా కావాలా?

కొత్త ఎలక్ట్రీషియన్:
అన్నలకు నమస్కారం. మాది నర్సీపట్నం దగ్గర పల్లె. ఐటీఐ ఎలక్ట్రీషియన్ పాసై, ఒక మేస్త్రి దగ్గర హౌస్ వైరింగ్ చేస్తున్నాను. ఇప్పుడు ఒకాయన తన కొత్త డాబా వైరింగ్ మొత్తం నన్నే చేయమంటున్నారు. మీటరుకి అప్లై చేసేటప్పుడు లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్ సంతకంతో టెస్ట్ రిపోర్ట్ అడుగుతారట. "సంతకం డబ్బులిస్తే దొరుకుతుంది, నువ్వు పని కానీ" అంటున్నాడు సామాన్ల షాపాయన. టెన్షన్‌గా ఉంది. ఐటీఐ సర్టిఫికెట్ సరిపోదా?

గోదారోడు:
చిన్న ఊళ్లో ఎవరడుగుతారు బ్రదర్? పని నీట్‌గా చెయ్యి, చాలు.

పాత వైర్‌మ్యాన్:
తమ్ముడూ, పై మాట పట్టించుకోకు. నీకు పని వచ్చని చెప్పేది ఐటీఐ. ఆ పని చేయడానికి ప్రభుత్వం ఇచ్చే అనుమతి పర్మిట్. సెంట్రల్ ఎలక్ట్రిసిటీ అథారిటీ భద్రతా నిబంధనల్లో 2010లోనూ, 2023లో కొత్తవి వచ్చాకా ఇదే మాట: పని ఒప్పుకునేది లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్, దగ్గరుండి చూసేది సూపర్‌వైజర్ సర్టిఫికెట్ ఉన్నవాడు, చేసేది పర్మిట్ ఉన్నవాడు. పాడైన బల్బు, ఫ్యాను, స్విచ్ తీసి అలాంటిదే బిగించడానికి ఇవేవీ అక్కర్లేదు. కొత్త ఇంటి వైరింగ్‌కి మాత్రం తప్పదు. పర్మిట్ ఇచ్చేది డిస్కం (కరెంటు సరఫరా చేసే కంపెనీ) కాదు, కాబట్టి లైన్‌మ్యాన్‌ని అడిగి లాభం లేదు. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్లి కనుక్కో.

సంతకం కొనడం మాత్రం వద్దే వద్దు. ఇన్సులేషన్ ఎంత వచ్చిందో, ఎర్త్ ఎలా ఉందో ఆ కాగితంలో రాయాలి. ఇంటి గుమ్మం తొక్కనివాడు ఏం రాస్తాడు? ఈమధ్య మా వీధిలో గీజర్ ముట్టుకుంటే షాక్ కొడుతోందని పిలిచారు. సాకెట్ విప్పి చూస్తే న్యూట్రల్ నుంచి ఎర్త్ పిన్నుకి జానెడు వైరు ముక్క లూప్ చేసి ఉంది. అసలు ఎర్త్ గొయ్యే తీయలేదు. మెయిన్ దగ్గర న్యూట్రల్ ఊడేసరికి గీజర్ బాడీ అంతా కరెంటే. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. దానికీ టెస్ట్ రిపోర్ట్ ఉంది!

కొత్త ఎలక్ట్రీషియన్:
అమ్మో! మరి పర్మిట్ వచ్చేదాకా ఈ డాబా వదులుకోవాలా అన్నా?

పాత వైర్‌మ్యాన్:
వదులుకోవడం ఎందుకు? లైసెన్స్ ఉన్న కాంట్రాక్టర్‌ని మాట్లాడుకోమని ఓనరుకి ఇప్పుడే చెప్పు. ఆ కాంట్రాక్టర్ కింద, పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ పక్కన నువ్వు హెల్పర్‌గా చెయ్యి. గోడకి కొట్టిన గాడులు పూడ్చకముందే పైపులూ, ఎర్తూ ఆయనకి చూపించు. చివర్లో 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) నిమిషంపాటు టెస్ట్ చేయించు, ఒక మెగోమ్‌కి (పది లక్షల ఓమ్‌లు) తగ్గకూడదు. రీడింగ్ నీ కళ్లముందే రాయించు.

ఇంకోటి. రేపు పర్మిట్ వచ్చాక కూడా, ఎవరెంత బతిమాలినా స్తంభం గానీ ట్రాన్స్‌ఫార్మర్ గానీ ఎక్కకు. "ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్‌లో కరెంటు ఆపించడం) తీసుకున్నాం, ఎక్కు" అన్నా సరే. అది డిస్కం సిబ్బంది పని, వాళ్లనే చేయమను.