మిల్లు బెల్టులో మూడు వేళ్ళు పోయాయి: యజమాని పంపిన కాగితంపై సంతకం చేయవచ్చునా?

ప్రశ్న (మండపేట ప్రాంతం నుంచి)

మా అన్నయ్య వయసు 30. ఒక బియ్యం మిల్లులో ఆరేళ్ళుగా పనిచేస్తున్నాడు. నెలకు 14,000 రూపాయలు చేతికిచ్చేవారు. 2024 డిసెంబరులో, సార్వా (ఖరీఫ్) ధాన్యం లారీల మీద లారీలు దిగుతున్న రోజుల్లో, ధాన్యాన్ని పైకి చేరవేసే ఎలివేటర్ బెల్టు పుల్లీ (తిరిగే చక్రం) మీద నుంచి పక్కకు జారిపోతుంటే సర్దబోయాడు. భుజం మీది తువ్వాలు చెంగును బెల్టు లాక్కుంది, దానితోపాటు కుడిచేతిని కూడా. చూపుడు, మధ్య, ఉంగరపు వేళ్ళు మొదలంటా పోయాయి. ఆసుపత్రికి 60,000 యజమానే కట్టారు. ఇప్పుడు మరో 40,000 ఇస్తామనీ, ఇకమీదట ఏ హక్కూ కోరనని రాసిన కాగితంపై సంతకం పెట్టాలనీ కబురు పంపుతున్నారు. ఆడుతున్న బెల్టు దగ్గర చెయ్యి పెట్టడం అన్నయ్య తప్పేననీ, అసలు అతను కూలీలను కుదిర్చే మేస్త్రీ తెచ్చిన మనిషే గాని మిల్లు మనిషి కాదనీ అంటున్నారు. అన్నయ్య కూడా తన తప్పేనని నమ్ముతున్నాడు. అతను ఎడమచేత్తో అన్నం కలుపుకోలేక అవస్థ పడుతుంటే అమ్మ చూడలేక పెరట్లోకి వెళ్ళిపోతోంది. పెద్దలు సలహా చెప్పగలరు.

సమాధానం (కాకినాడ, కార్మికుల కేసులు చూసే న్యాయవాది)

సంతకం చేయవద్దండి. ఒకవేళ చేసినా, పరిహారపు హక్కును వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం, ప్రమాదం నాటికి అమల్లో ఉన్న 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం 17వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కానీ చేయకపోతే ఆ తగాదాయే ఉండదు.

ముందు మిల్లు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) పరిధిలోకి వస్తుందో లేదో తేల్చుకోండి. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే ఫ్యాక్టరీలో, నెలకు 21,000 దాటని జీతగాడికి ఈఎస్ఐ వర్తిస్తే, చికిత్స కాలంలో జీతంలో 90 శాతం, తర్వాత వైకల్యాన్ని బట్టి నెలనెలా పింఛను అక్కడి నుంచే రావాలి, 1923 చట్టం కింద అడగడానికి వీలుండదు. ఈఎస్ఐ వర్తించకపోతే లెక్క ఇది: జీతంలో 60 శాతం అంటే 8,400; దాన్ని 30 ఏళ్ళ వయసుకు చట్టం నిర్ణయించిన 207.98తో హెచ్చవేయాలి, ఒక చేతికి మూడు వేళ్ళు పోతే సంపాదన శక్తిలో నష్టం 30 శాతం కాబట్టి, వచ్చినదానిలో 30 శాతం తీసుకోవాలి. మొత్తం సుమారు 5,24,000 రూపాయలు. ఆసుపత్రికి కట్టిన 60,000 ఇందులోంచి తగ్గించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. నెలలోగా చెల్లించనందుకు 12 శాతం వడ్డీ కూడా అడగవచ్చు.

మేస్త్రీ మనిషి అన్న వాదన 1923 చట్టం 12వ సెక్షన్ ముందు నిలవదు. మిల్లు పనిలో దెబ్బ తగిలితే బాధ్యత మిల్లు యజమానిదే. ఆయన కావాలంటే ఆ తర్వాత మేస్త్రీ దగ్గర రాబట్టుకోవచ్చు.

సమాధానం (తణుకు, మిల్లు ఫిట్టరుగా పనిచేసి రిటైరైన వ్యక్తి)

బాబూ, మీ అన్నయ్య తప్పు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నా ఎడమచేతి చిటికెన వేలు కూడా పుల్లీలోనే పోయింది. నేనూ చాలా ఏళ్ళు నా తప్పే అనుకున్నాను. ప్రమాదం నాటికి అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ తిరిగే భాగాలకు గట్టి కంచె ఉండాలనేది. 22వ సెక్షన్ ప్రకారం, ఆడుతున్న బెల్టును ముట్టవలసి వస్తే ప్రత్యేకంగా శిక్షణ పొంది, రిజిస్టరులో పేరున్న మనిషే ముట్టాలి, అతనికి ఒంటికి అతుక్కునే బట్టలు మిల్లే ఇవ్వాలని ఉండేది. మీ అన్నయ్య ఒంటి మీద ఉన్నది తువ్వాలు. ఆ పుల్లీకి కంచెగా జాలీ ఉండేదా అని తోటి కళాసీలను (మిల్లు కూలీలను) అడిగి తెలుసుకోండి.

ప్రశ్నించినవారు

జాలీ ఎప్పుడో తుప్పుపట్టి ఊడిపోయిందట, మళ్ళీ బిగించలేదట. మా దగ్గర జీతం చీటీ గాని ఈఎస్ఐ కార్డు గాని లేవు.

సమాధానం (కాకినాడ న్యాయవాది)

పొరపాటో అజాగ్రత్తో జరిగినంత మాత్రాన పరిహారం పోదు. మత్తులో ఉండటం, ఆదేశాన్ని బుద్ధిపూర్వకంగా ధిక్కరించడం, రక్షణను కావాలని తీసివేయడం వంటివి యజమాని రుజువు చేయాలి. మీ మిల్లులో తీసివేయడానికి జాలీయే లేదు.

కార్డు లేకపోయినా మిల్లు ఈఎస్ఐ కిందికి రావలసినదైతే, చందా కట్టని యజమాని నుంచి వసూలు చేసుకునే అధికారం ఉంచుకుని, ఈఎస్ఐ సంస్థ కార్మికుడికి ప్రయోజనం చెల్లించవచ్చు. మిల్లు ఈఎస్ఐ కిందికి రాకపోతే కార్మిక శాఖలో పరిహార కమిషనర్‌గా వ్యవహరించే అధికారికి దరఖాస్తు ఇవ్వండి. ప్రమాదం జరిగిన నాటి నుంచి రెండేళ్ళ గడువు ఉంది, కాబట్టి 2026 డిసెంబరు దాకా ఆగకండి. జీతానికి ఇద్దరు తోటి కార్మికుల సాక్ష్యం, ఆసుపత్రిలో చేర్చినప్పుడు ప్రమాదం ఎక్కడ జరిగిందని రాసుకున్న కాగితం, ఈ రెండూ ఈ వారంలోనే సంపాదించండి. దాళ్వా (రబీ) మొదలైతే కళాసీలు వేరే మిల్లులకు వెళ్ళిపోతారు.