సండే స్కూల్ పిల్లలకు పాట, బొమ్మ ఎలా నేర్పాలి?

ప్రశ్న (ఆమదాలవలస): 6–9 ఏళ్ల పిల్లలు 20 మంది. పాట ఎత్తుకోగానే అరుస్తున్నారు, చరణానికి శ్రుతి జారిపోతోంది. నోవహు ఇంద్రధనుస్సు వేయిస్తే అంతా బురద రంగే. ఏం చేయాలండీ?

జవాబు (బొబ్బిలి): హార్మోనియం పెద్దల శ్రుతిలోనే ఉందా? ఒకటో శ్రుతిలో (సా = C) కింది స్వరాలు పిల్లలకు అందవు. నాలుగో శ్రుతి (సా = F) పెట్టండి, పాట మంద్ర పంచమం (సా కింది ‘ప’) నుంచి మధ్య పంచమం (సా పైన వచ్చే ‘ప’) లోపే తిరగాలి. ఒక్కో వరుస మీరు పాడి, వాళ్లచేత మెల్లగా రెండుసార్లు పాడించండి. ఢోలక్ ఆఖర్న. ముందే వాయిస్తే దాన్ని మించాలని గొంతు పెంచుతారు. 150వ కీర్తనలో తంతివాద్యాలు వచ్చినప్పుడు మా ఊరి వీణ చూపించండి, పనస కర్రతో చేసేది.

ప్రశ్న: ఢోలక్ లేకపోతే తాళం తప్పరా?

జవాబు (బొబ్బిలి): తొడమీద చేత్తో వేయించండి, చాలు.

జవాబు (టెక్కలి): బురదకు కారణం ఒకే గ్లాసు నీళ్లు. నలుగురికి రెండు పెట్టండి: కుంచె కడగడానికొకటి, రంగు కలపడానికొకటి. ఆకుపచ్చకు పసుపులో నీలం చుక్కచుక్కగా వేయాలి. నీలంలో పసుపు పోస్తే ఆకుపచ్చ రావడానికి చాలా పసుపు పడుతుంది. ఒక పట్టీ ఆరాకే పక్కది. బాగా వేసినవాళ్లకే బహుమతి మాత్రం వద్దండి. నిర్గమకాండం 31లో ప్రత్యక్ష గుడారం పని చేసిన బెసలేలుకు చేతిపని నేర్పు ఇచ్చింది దేవుడేనని ముందు చదివి వినిపించండి.