దోమ లార్వా పరీక్షలో కంట్రోల్ (మందు వేయని) కప్పులోనే చస్తున్నాయి, ఎక్కడ సరిచేయాలి?

హన్మకొండ_కెమిస్ట్రీ:
మా ల్యాబ్‌లో తయారుచేసిన చాల్కోన్, పైరజోలిన్ కాంపౌండ్లను డెంగీ దోమ ఈడిస్ ఈజిప్టై లార్వాల మీద పరీక్షిస్తున్నాం. అసిటోన్‌లో కరిగించి నీళ్లలో వేస్తే 50 పీపీఎం (లీటరుకు 50 మి.గ్రా.) దగ్గర తెల్లటి తరకలు తేలుతున్నాయి. కంట్రోల్‌లో కూడా నూటికి 15 దాకా చస్తున్నాయి. నల్లా నీళ్లే వాడుతున్నాం, లార్వాలు కూలర్లలోంచి తెచ్చినవి.

దోమల_ల్యాబ్_వరంగల్:
ముందు నీళ్లు మార్చండి. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటది, వెడల్పు టబ్బులో ఒక రోజు మూత లేకుండా ఉంచాకే వాడాలి. కూలర్ లార్వాల్లో క్యూలెక్స్ అనే వేరే రకం దోమ కూడా కలిసి వస్తది, వయసూ ఒకటి కాదు. వాటిని పెంచి, దోమలు ఫిల్టర్ పేపర్ మీద పెట్టిన గుడ్లను ఒకేసారి నీళ్లలో వేస్తే అన్నీ ఒకే ఈడువి దొరుకుతాయి. మూడో దశ చివర లేదా నాలుగో దశ మొదట్లో ఉన్నవే తీసుకోండి. నాలుగో దశ ముదిరితే మధ్యలోనే ప్యూపా (దోమ అయ్యే ముందు దశ) అవుతాయి. కంట్రోల్‌లో నూటికి 10 కంటే ఎక్కువ ప్యూపా అయితే ఆ టెస్ట్ పక్కన పెట్టాల్సిందే.

100 మి.లీ. నీళ్లకు 25 లార్వాలు, ఒక్కో మోతాదుకు 4 కప్పులు, 25–28 డిగ్రీలు. 24 గంటలకు లెక్కించేటప్పుడు కదలని దాన్ని సూదితో మెడ దగ్గర, శ్వాసనాళం దగ్గర తాకి చూడండి. కదిలినా పైకి రాలేకపోతే, నీళ్లు కదిపినా కిందికి మునగకపోతే, అదీ చచ్చినట్టే లెక్క.

సాల్వెంట్_సార్:
తరకలు కనబడ్డాయంటే మీరు రాసుకున్న 50 పీపీఎం నీళ్లలో లేదు. ఈడిస్ అడుగున గీకి తింటది కాబట్టి ఆ ముద్ద నేరుగా కడుపులోకి పోతది, వచ్చే ఎల్‌సీ50కి (సగం లార్వాలు చచ్చే మోతాదుకి) అర్థం ఉండదు. 10 మి.గ్రా. కాంపౌండ్‌ను 1 మి.లీ. డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి చూడండి. అందులో 0.5 మి.లీ. 100 మి.లీ. నీళ్లకు వేస్తే 50 పీపీఎం. తక్కువ మోతాదులకు ఈ స్టాక్ ద్రావణాన్ని డీఎంఎస్ఓతోనే పలుచన చేసి, ప్రతి కప్పులో అదే 0.5 మి.లీ. వేయండి, కంట్రోల్‌లో కూడా. పిపెట్ మొన నీళ్ల లోపల ఉంచి వదలండి. అయినా తరకలొస్తే కరిగేంత మోతాదు వరకే పరీక్షించండి.

హన్మకొండ_కెమిస్ట్రీ:
ధన్యవాదాలు సార్. ఆ 15 శాతాన్ని లెక్కలో సర్దవచ్చా?

దోమల_ల్యాబ్_వరంగల్:
5 నుంచి 20 శాతం మధ్య ఉంటే అబాట్ సవరణ (కంట్రోల్ చావులను తీసేసే లెక్క) చేయొచ్చు. కంట్రోల్ 10, మందు కప్పు 55 అయితే: 55లోంచి 10 తీసేసి, 90తో భాగించి, 100తో గుణిస్తే 50 శాతం. 20 దాటితే మొత్తం మళ్లీ చేయాలి. పోలికకు టెమిఫాస్ (లార్వాలను చంపే మందు) కప్పులు కూడా పెట్టండి. 24 గంటలకు చావకుండా ప్యూపా దశలో ఆగిపోయే కాంపౌండ్ ఉంటే పారేయకండి. మేత వేస్తూ, కంట్రోల్‌లో దోమలన్నీ బయటికొచ్చేదాకా చూడండి.