స్టాక్‌హోంలో చీకటి: లైట్ బాక్స్ ఎంతలో వస్తుంది?

కొత్తగా వచ్చినవాణ్ణి, సీతమ్మధార:
నమస్కారమండీ. ఆగస్టులో మాస్టర్స్‌కి వచ్చాను. నవంబరు నుంచి ఎంత పడుకున్నా నిద్ర తీరట్లేదు, అస్తమానం తీపి తినాలనిపిస్తోంది, క్లాసుకి వెళ్ళబుద్ధి కావట్లేదు. ఇది చలికాలపు దిగులని, లైట్ బాక్స్ (ముందు కూర్చునే గట్టి వెలుగు దీపం) కొనమని అంటున్నారు. ఎంతలో వస్తుంది?

ఎంవీపీ కాలనీ అక్క, 14 ఏళ్ళుగా ఇక్కడే:
తమ్ముడూ, డిసెంబరులో కూడా మన వైజాగ్‌లో 11 గంటల పగలు. ఇక్కడ ఆరు గంటలే, అదీ మబ్బు. పెట్టె మీద 10,000 లక్స్ (వెలుగు కొలత) అని ఉంటే సరిపోదు, ఎంత దూరంలో కూర్చుంటే అంత వెలుగు వస్తుందో చూడు. యూవీ ఫిల్టర్ ఉండాలి. లేవగానే అరగంట దాని ముందు కూర్చుని టిఫిన్ చెయ్యి. కళ్ళు తెరిచే ఉండాలి గానీ తిన్నగా దానివైపే చూడకు.

గాజువాక:
ముందు కర్టెన్ కొనుక్కో తమ్ముడూ. నా మొదటి చలికాలం బేస్‌మెంట్ గదిలో ఉండేవాణ్ణి. పొద్దున్న ఆరున్నరకి దీపం వేసుకుని ఉప్మా తినేవాణ్ణి. వీధంతా చీకటి, నా కిటికీ ఒక్కటే పెళ్ళిపందిరి. రెండు వారాలకి ఓనరు తలుపు కొట్టాడు, వెనకాల పక్కింటాయన. గట్టి లైట్లు పెట్టి నేను లోపల గంజాయి పెంచుతున్నానట! ఖర్మ కాలి కిటికీలో కరివేపాకు మొక్క ఉంది. ఆకు తుంచి వాసన చూపించాను. దీపం ముందు కూర్చుని డెమో కూడా ఇచ్చాను. అంతటితో అయిపోయిందనుకున్నా. ఇంకో వారానికి ఓనరు నుంచి మెయిల్: కరెంటు ఎక్కువైందట, 600 క్రోనర్లు కట్టాలట. రోజుకి అరగంట దీపానికి! కట్టాను, ఏం చేస్తాను. తర్వాతి ఇంటికి మాత్రం కరెంటు అద్దెలోనే అని రాయించుకున్నాకే సంతకం పెట్టాను. నువ్వూ రాయించుకో.

పెదవాల్తేరు:
దీపాలెందుకు? డి విటమిన్ మాత్రలు చాలు. అంతగా కావాలంటే దీపం రాత్రి ఆఫీసు నుంచి వచ్చాక వేసుకోవచ్చు.

ఎంవీపీ కాలనీ అక్క:
మళ్ళీ మొదలెట్టారా అన్నయ్యా. ఆ దీపంతో డి విటమిన్ రాదు, ఆ మాత్రతో ఈ దిగులు తగ్గుతుందని నమ్మకం లేదు. రెండూ వేరు. చలికాలం ఆలస్యంగా తెల్లారితే ఒంట్లో గడియారం వెనకబడుతుంది, పొద్దుటి వెలుగు దాన్ని ముందుకు జరుపుతుంది. రాత్రి వేస్తే ఉన్న నిద్ర కూడా పోతుంది. 2006లో కెనడాలో ఇదే చలికాలపు డిప్రెషన్‌కి దీపాన్నీ, డిప్రెషన్ మందు ఫ్లూక్సెటీన్ 20 మిల్లీగ్రాముల మాత్రనీ 8 వారాలు పోల్చి చూశారు. రెండూ ఇంచుమించు సమానంగా పనిచేశాయి.

పెదవాల్తేరు:
కెనడా సంగతి నాకు తెలీదమ్మా. ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిస్తే ఏ జబ్బూ ఉండదు.

ఎంవీపీ కాలనీ అక్క:
ఇక్కడ బీచ్ గడ్డకట్టి ఉంది. మధ్యాహ్నం బయట తిరగడం మాత్రం మంచిదే, మబ్బు పట్టినా గదిలో లైటు కంటే బయటే వెలుగెక్కువ. తమ్ముడూ, రెటీనా (కంటి వెనక పొర) జబ్బున్నా, బైపోలార్ (దిగులు, మితిమీరిన హుషారు మారిమారి వచ్చే జబ్బు) ఉన్నా డాక్టర్ని అడక్కుండా దీపం వెయ్యకు. బైపోలార్ ఉంటే దీపంతో ఆపలేనంత హుషారు వచ్చేయొచ్చు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే దీపం కోసం చూడకు, వెంటనే 112కి ఫోన్ చెయ్యి.

గాజువాక:
పాపం అతనడిగింది ధర. కొనకు తమ్ముడూ, నా పాత దీపం ఖాళీగానే ఉంది, ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. కర్టెన్ మాత్రం నీదే.