ఒకే సాకెట్టు మీద ఆరు అడాప్టర్లు: ఎంతవరకు ఫర్వాలేదు?

పాతరేడియో:
బల్ల దగ్గర గోడకు ఉన్నది ఒక్కటే సాకెట్టు. దాని మీదే రౌటర్, ల్యాప్‌టాప్, మానిటర్, ఎల్‌ఈడీ దీపం, రెండు ఫోన్ ఛార్జర్లు నడవాలి. ఇప్పటికి మల్టీప్లగ్ మీద ఇంకో మల్టీప్లగ్ గుచ్చాను. బరువుకు ఆ దొంతర ముందుకు వాలుతోంది. నిజంగా ప్రమాదమా, లేక నాది అనవసర భయమా?

వోల్టుమీటర్:
ముందు లెక్క చూద్దాం. రౌటర్ 12 వాట్లు, ల్యాప్‌టాప్ 65, మానిటర్ 30, దీపం 9, ఛార్జర్లు చెరో 20 అనుకుంటే మొత్తం 156. సరఫరా 230 వోల్టులైతే సుమారు 0.7 ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్ వల్ల, అంటే అడాప్టర్లు వాట్ల లెక్కకు మించి కరెంటు లాగడం వల్ల, ఇంకాస్త పెరిగినా 6 ఆంపియర్ల బోర్డుకు అదొక భారం కాదు. ఆ దొంతరను మాత్రం ఈ రోజే తీసేయండి.

గోడగడియారం:
భారమే కాదన్నప్పుడు తీయడం ఎందుకండీ?

వోల్టుమీటర్:
పట్టు వదులవుతుంది కాబట్టి. ప్లగ్గు వాలితే లోపలి రేకు పిన్నును గట్టిగా పట్టుకోదు, అక్కడ నిరోధం పెరుగుతుంది. అది 1 ఓమ్ ఉందనుకోండి. అర ఆంపియరు పారితే పుట్టే వేడి పావు వాటు, చేతికి కూడా తెలియదు. అదే చోట 6 ఆంపియర్లు పారితే 36 వాట్లు, అదీ గోరంత రేకులో! ప్లాస్టిక్ కరిగిపోతుంది. కరెంటు పరిమితి దాటలేదు కనుక ఫ్యూజుకు గానీ, ఎంసీబీకి (కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్) గానీ ఇదేమీ పట్టదు.

చీకటిదీపం:
మా ఆఫీసులో సరిగ్గా ఇదే జరిగింది. ఛార్జర్లకని పెట్టిన బోర్డులో చలికాలం ఎవరో గది హీటరు గుచ్చారు. సాకెట్టు రంధ్రం చుట్టూ గోధుమరంగు మచ్చ, కాలిన వాసన. నన్నడిగితే ఖాళీ సాకెట్టే అసలు శత్రువు. పరికరాలెన్నో అన్నే సాకెట్లున్న బోర్డు కొనండి. మూడో పిన్ను, అంటే ఎర్త్, ఉన్నదే తీసుకోండి. వైరును చుట్టగా చుట్టి తివాచీ కింద దాచవద్దు, వేడి బయటికి పోదు.

సన్నతీగ:
సర్జ్ ప్రొటెక్టర్ ఉన్న బోర్డయితే ఈ తలనొప్పులేవీ ఉండవు కదా?

వోల్టుమీటర్:
ఉంటాయి. అది వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడు కాచుకునేందుకే, బోర్డు సామర్థ్యాన్ని పెంచదు. పైగా అలాంటి వోల్టేజీ దెబ్బలు తగిలేకొద్దీ, వాటిని మింగే లోపలి భాగం, అంటే వారిస్టర్, అరిగిపోతుంది.

గోడగడియారం:
ఫోన్లకు నాలుగు పోర్టుల యూఎస్‌బీ ఛార్జర్ ఒకటి పెడితే రెండు అడాప్టర్ల చోటు మిగులుతుంది. రెండో పోర్టు వాడగానే మొదటిదానికి వాట్లు తగ్గించేవి చాలా ఉన్నాయి, డబ్బా మీద చదివి కొనండి.

పాతరేడియో:
దొంతర తీసేశాను, ఆరు సాకెట్ల బోర్డు పెడుతున్నాను. ఇంకో సందేహం. అన్నీ గుచ్చి ఉంచి గోడ స్విచ్ వేస్తే లోపల చిటుక్కుమని మెరుస్తోంది.

వోల్టుమీటర్:
అడాప్టర్లలోని కెపాసిటర్లన్నీ (విద్యుత్తును నిల్వ చేసుకునే భాగాలు) ఒకేసారి నిండుతున్నాయి, క్షణకాలం కరెంటు బాగా లాగుతాయి. బోర్డులో విడివిడి స్విచ్‌లుంటే ఒక్కొక్కటే వేయండి. స్విచ్ వేశాక కూడా చిటపట ఆగకపోతే వాడకం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.