అప్‌డేట్: అమ్మకు హిమోగ్లోబిన్ ఎందుకు పెరగలేదో తెలిసింది

రెండు నెలల క్రితం ఇక్కడ అడిగాను: అమ్మకు హిమోగ్లోబిన్ 8.2 ఉంది, ఆరు వారాలు ఐరన్ మాత్రలు వేసుకున్నా పిసరంత కూడా పెరగలేదు, ఎందుకని. బీట్‌రూట్ రసం తాగించమన్నవారికి ఒక దండం. అమ్మ నాలుగు రోజులు తాగి, ఐదో రోజు గ్లాసు నా వైపు తోసేసింది.

జవాబు మొదటి రిపోర్టులోనే ఉంది, మేమే చూడలేదు. ఎర్రకణాల సగటు పరిమాణం, అంటే ఎంసీవీ, 114. మామూలుగా 80 నుంచి 100 మధ్య ఉంటుంది. ఇనుము తక్కువైతే కణాలు చిన్నవైపోతాయి. అమ్మవి ఉబ్బి ఉన్నాయి! కొత్త డాక్టరుగారు గాజుపలక మీద రక్తపు చుక్కను పరిచి మైక్రోస్కోపులో చూపించారు. కోడిగుడ్డు ఆకారంలో పెద్ద పెద్ద ఎర్రకణాలు, వాటి మధ్య ఒక తెల్లకణం, దాని కేంద్రకం ఆరు తమ్మెలుగా, అంటే ఆరు భాగాలుగా. మామూలుగా మూడు నాలుగే ఉంటాయట. అవి చూసి విటమిన్ బీ12 పరీక్ష చేయిస్తే బాగా తక్కువని తేలింది.

ఎముక మజ్జలో సెకనుకు సుమారు 20 లక్షల ఎర్రకణాలు పుడతాయి. అంత వేగంగా విభజన జరగాలంటే డీఎన్ఏ తయారవుతూ ఉండాలి, దానికి బీ12 కావాలి. అది లేకపోతే కణం పెరుగుతుంది గానీ సరిగా విడిపోదు. అలాంటి కణాలు చాలావరకు మజ్జలోనే నశిస్తాయి. బీ12 ముఖ్యంగా మాంసం, గుడ్లు, పాల నుంచే అందుతుంది. అమ్మ శాకాహారి, పైగా పాలు, పెరుగు మానేసి మూడేళ్లు.

ఇంజెక్షన్లు మొదలైన వారానికే రక్తంలో లేత ఎర్రకణాలు పెరిగాయి. మొన్నటి హిమోగ్లోబిన్ 11.6. బీ12 లోపంతోనే వచ్చిన అరికాళ్ల తిమ్మిరి మాత్రం ఇంకా పూర్తిగా తగ్గలేదు.