స్కిజోఫ్రీనియా అదుపులో ఉన్నవాళ్లకు బతుకు బాగుపడాలంటే మందు తగ్గించాలా?

సావేరి:
గొంతులు వినబడటం ఆగి ఏడాది దాటింది, అనుమానాలూ లేవు. అయినా మనిషి పొద్దెక్కేదాకా లేవడు, స్నానానికి నాలుగుసార్లు చెప్పాలి, బరువు పెరుగుతూనే ఉంటాడు. దీన్ని కోలుకోవడం అందామా? ఇలాంటివాళ్లకు డోసు తగ్గించాల్సిందే అంటాను. 2013లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, మొదటిసారి జబ్బుపడి తేరుకున్నాక మందు తగ్గించినవాళ్లలో ఏడేళ్లకు 40 శాతం మంది కోలుకున్నారు. అదే డోసు వాడినవాళ్లలో 18 శాతమే.

కేశవ్:
సావేరి గారూ, అదే అధ్యయనంలో మొదటి ఏడాదిన్నర చూడండి. జబ్బు తిరగబెట్టింది తగ్గించినవాళ్లలోనే ఎక్కువ. బ్రిటన్‌లో డోసు తగ్గింపు మీద జరిగిన రాడార్ ట్రయల్ ఫలితాలు 2023లో వచ్చాయి. 253 మంది, రెండేళ్లు. డోసు తగ్గించినవాళ్లకు నలుగురితో మెలగడంలో, పనుల్లో మెరుగు ఏమీ కనబడలేదు. ఆసుపత్రిలో చేరేంతగా తిరగబెట్టింది మాత్రం 25 శాతం మందికి, తగ్గించనివాళ్లలో 13 శాతానికి.

వార్డు_నర్సు:
ఇద్దరూ ఒక మెట్టు దాటేశారు. ఆ మందకొడితనం దేనివల్ల? మందు మత్తు, మందువల్ల వచ్చే పార్కిన్సన్ తరహా బిగుతు, డిప్రెషన్, జబ్బు తాలూకు నెగెటివ్ లక్షణాలు (ఆసక్తి, చొరవ తగ్గిపోవడం లాంటివి), ఇవన్నీ పైకి ఒకేలా ఉంటాయి. నడిచేటప్పుడు చేతులు ఊగకుండా ఒంటికి అంటుకుని ఉన్నాయా? మణికట్టు తిప్పితే ఆగి ఆగి కదులుతోందా? అయితే అది బద్ధకం కాదు, బిగుతు. పొద్దున మత్తుగా ఉంటే, రాత్రి మాత్ర కాస్త ముందుగా వేసుకోవచ్చేమో డాక్టర్ని అడగండి. కూర్చోలేక, నిలబడలేక కాళ్లు ఆడిస్తుంటే అకతీసియా (మందువల్ల వచ్చే నిలకడలేనితనం) కావచ్చు. దాన్ని ఆందోళన అనుకుని మందు పెంచితే ఇంకా ముదురుతుంది. ఒలాంజపిన్ అనే స్కిజోఫ్రీనియా మందుతో బరువు పెరుగుతుంటే మందు మార్చడం, షుగర్ మందు మెట్‌ఫార్మిన్ కలపడం అనే దారులున్నాయి. అలాంటిదే ఇంకో మందు రిస్పెరిడోన్‌తో నెలసరి ఆగినా, లైంగిక ఆసక్తి పోయినా చాలామంది నోరు విప్పరు, చెప్పకుండా మాత్రలు మానేస్తారు. మనమే అడగాలి.

సావేరి:
ఒప్పుకుంటాను. కానీ ఇవన్నీ చూశాక కూడా డోసే ఎక్కువని తేలితే? చాలాచోట్ల తగ్గించే తీరే తప్పు. ఒలాంజపిన్ 20 మిల్లీగ్రాముల నుంచి 15కి దిగితే మెదడులో ఈ మందు అడ్డుకునే డోపమైన్ గ్రాహకాల మీద దాని పట్టు కొంచెమే సడలుతుంది. 5 నుంచి సున్నాకి దిగితే పట్టు మొత్తం పోతుంది. అంకెలో తేడా రెండుచోట్లా 5 మిల్లీగ్రాములే! అందుకే కిందికి వచ్చేకొద్దీ మెట్లు చిన్నవి కావాలి, మెట్టుకీ మెట్టుకీ మధ్య నెలల వ్యవధి ఉండాలి. డాక్టరుకు తెలియకుండా మాత్ర విరిచి వేసుకోవడం దీని కిందకు రాదు.

కేశవ్:
ఆ పద్ధతికి నా అభ్యంతరం లేదు, షరతులున్నాయి. వరుసగా రెండు రాత్రులు నిద్ర చెడితే ఎవరికి ఫోన్ చేయాలి, ఏ డోసుకు తిరిగి వెళ్లాలి అన్నది ముందే కాగితం మీద ఉండాలి. అది రాసేటప్పుడు ఆ మనిషి కూడా కూర్చోవాలి. డోసు ఒక మెట్టు దించిన నెలలోనే ఇల్లు మారడం, కొత్త ఉద్యోగంలో చేరడం పెట్టుకోకూడదు. ఉద్యోగం కోసం మాత్రం డోసు తగ్గేదాకా ఆగనక్కర్లేదు. పని కావాలన్నవాళ్లకు నేరుగా మామూలు ఉద్యోగమే వెతికిపెట్టి, చేరాక కూడా వెన్నంటి ఉంటే, ముందు ఏళ్లకేళ్లు శిక్షణ ఇచ్చే పద్ధతి కంటే ఎక్కువమంది పనిలో కుదురుకుంటున్నారు.